ఇనుము చాలని బండి

మా ముత్తాతగారు గోదావరి జిల్లాలో ఒక చిన్న ఎస్టేటుకి జమీందారు. తాతగారు ఆనరరీ మేజిస్ట్రేటు, తాలూకా బోర్డు ప్రెసిడెంటు. మా తాలూకాలో మొదటి కారు ఆయనదే. అది బజారులోకి వచ్చిందంటే ముందు ఒక బంట్రోతు "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ పరుగెత్తేవాడట. హారను మోగించడం తాతగారికి గిట్టేది కాదు. దారి అడుక్కున్నట్టు ఉంటుందనేవారట. ఈ సంగతులన్నీ మా నాన్నగారు అమీర్‌పేటలోని అద్దె వాటాలో, పేము కుర్చీలో వెన్ను వాల్చకుండా కూర్చుని నాకు చెప్పారు. నేనూ అలాగే కూర్చుంటాను. ఇంట్లో అయినా, బండి మీద అయినా.

బండి అంటే మోటారు సైకిలు. తేలిక రకం, పెట్రోలు తక్కువ తాగేది. నేను పనిచేసిన అచ్చాఫీసు మూతపడ్డాక ఇంట్లోనే కూర్చుని ప్రూఫులు దిద్దుతున్నాను. ఆ పని వారం ఉంటే వారం ఉండదు. ఇల్లు గడిచేది మా ఆవిడ జీతంతో. ఆమె పంజాగుట్టలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో పొద్దుటి కౌంటరు చూస్తుంది. పరగడుపున వచ్చి కూర్చున్నవాళ్ళకి ఓపిక ఉండదు కాబట్టి ఆ కౌంటరు వేళకి తెరవాలి. వేలిముద్ర వేసే యంత్రం ఆలస్యాన్ని దాచదు. ఆమెను రోజూ నేనే బండి మీద దించి వస్తాను. ఇంటికి నేను ఖాయంగా చేస్తున్న పని అదొక్కటే.

మా వీధి మెట్రో స్తంభాల కింద ఉన్న పెద్ద రోడ్డులో కలిసేచోట ఒక సిగ్నలు ఉంది. ఎడమకి పోయేవాళ్ళు ఆగక్కర్లేదు. పంజాగుట్ట వెళ్ళాలంటే కుడికి తిరగాలి, ఆగాలి. క్రితం సంవత్సరం అక్కడ రోడ్డు బాగుచేసినప్పుడు తారును నలుచదరంగా కోసి, ఆ గాడిలో తీగ పెట్టి, పైన నల్లగా పూడ్చారు. తీగ మీద బండి నిలిస్తే సిగ్నలుకి తెలిసి ఆకుపచ్చ దీపం వెలగాలి. కారు నిలిస్తే తెలుస్తుంది. మా బండి నిలిస్తే తెలియదు. పెద్ద రోడ్డు మీద వాహనాలు పోతూనే ఉంటాయి, మాకు ఎర్రదీపం అలాగే ఉంటుంది.

మొదట్లో చెడిపోయిందేమో అనుకున్నాను. పక్కన ఆగేవాళ్ళ మాటల్లో విషయం తెలిసింది.

"గిది మనల్ని లెక్కలోకే తీసుకోదన్నా," అన్నాడు పాల ప్యాకెట్ల ట్రేలు కట్టుకున్న అతను. "కారొస్తేనే పడ్తది."

"మన బండ్లల్ల ఇనుము చాలదు," అన్నాడు వీపున డెలివరీ సంచీ ఉన్న ఇంకో అతను. "కింద అయస్కాంతం కట్టుండ్రి సార్. మా దోస్తు కట్టిండు."

"పనిచేసిందా?" అని మా ఆవిడ వెనక నుంచి అడిగింది.

"సిగ్నలైతే పడలే అక్కా. రోడ్డు మీదున్న మొలలన్నీ అంటుకుంటున్నయ్. పంక్చర్ల ఫికర్ పోయింది."

మా ఆవిడ నవ్వింది. ఆమెది మా వైపే, అయినా కౌంటరులో కూర్చుని ఇక్కడి మాట నేర్చేసుకుంది. నాకు అబ్బలేదు.

ఆ డెలివరీ అతనే, చక్రాలు రెండూ సరిగ్గా గాడి మీద ఆనేలా నిలపమని చెప్పాడు. నిలిపాను. కొన్నాళ్ళు దీపం వెలిగింది, కొన్నాళ్ళు వెలగలేదు. తక్కినవాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి, అటూ ఇటూ చూసుకుని దూకేసేవారు. నేను దూకలేదు.

"చలానా వస్తుందనా?" అని అడిగింది మా ఆవిడ ఒకరోజు.

"కాదు."

"మరి?"

మేజిస్ట్రేటు మనవణ్ణని ఆమెకు తెలుసు. మళ్ళీ చెప్పడానికి నాకే విసుగొచ్చింది.

ఇంకొక దారి ఉంది. వెనక కారు ఉంటే, దాన్ని ముందుకు రమ్మని అడగడం. వేసవి వచ్చాక ఆ అవసరం ఎక్కువైంది. పొద్దున్నే ఎండ చుర్రుమంటుంది. తీగ ఉన్నచోట నీడ లేదు. కాస్త వెనకగా, అపార్ట్‌మెంటు గోడ మీంచి వంగిన బాదం చెట్టు ఉంది. కార్లన్నీ ఆ నీడలోనే ఆగిపోయేవి. తీగకి మేము తెలియం, కార్లు దాని మీదికి రావు. బండ్లవాళ్ళు వెనక్కి తిరిగి చెయ్యూపి, "అన్నా, జర ముందుకు రా" అని పిలిచేవారు. నేను కదలకుండా ముందుకే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎవరో ఒకరు పిలుస్తారు కదా అనుకునేవాణ్ణి. ఎవరూ లేని రోజుల్లో ఆలస్యమయ్యేది.

అలా కొన్నిసార్లు అయ్యాక మేనేజరు మా ఆవిడను పిలిచి, ఇంకొక్కసారి ఆలస్యమైతే పొద్దుటి కౌంటరుకి వేరే అమ్మాయిని పెట్టుకుంటానన్నాడు. ఆమె నాకు చారు వడ్డిస్తూ చెప్పింది. "కోప్పడలేదు లెండి. మామూలుగానే అన్నాడు." మామూలుగా అన్నాడంటే నిజంగానే పెట్టుకుంటాడని మా ఇద్దరికీ అర్థమైంది.

ఆ మర్నాడు పెందలాడే బయలుదేరాం. సిగ్నలు దగ్గర మాదే ముందు బండి. చక్రాలు గాడి మీద పెట్టాను. పడలేదు. వెనక బాదం నీడలో ఒక కిరాయి కారు వచ్చి ఆగింది. దాని పక్కన రెండు బండ్లు, అవీ నీడలోనే.

"ఏవండీ, కారతన్ని పిలవండి," అంది మా ఆవిడ.

"పడుతుందిలే, చూద్దాం."

చూశాం. పెద్ద రోడ్డు మీద సిటీ బస్సులు పోయాయి. నా చేతులు హ్యాండిల్ మీద కాలుతున్నాయి. వెనక్కి తిరగాలనుకున్నాను. మెడ తిరగలేదు.

ఆమె దిగిపోయింది. కారు అద్దం మీద వేలితో కొట్టిన చప్పుడు వినిపించింది.

"అన్నా, జర ముందుకు రా అన్నా."

"ఈడ నీడున్నది గదక్కా. ఆడికొస్తే మాడిపోతం."

"నీ కారొస్తేనే సిగ్నల్ పడ్తది. మా బండిని గా తీగ గుర్తుపట్టదు. డ్యూటీకి లేటయితే నన్ను తీసేస్తరన్నా."

"మరి సార్ పిలువొచ్చు గద? విగ్రహం లెక్క కూసున్నడు."

"ఆయన అంతే అన్నా. అడగడు."

"దండ తెమ్మంటావా అక్కా?" అన్నాడు పక్క బండి మీది మనిషి. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వినట్టే వినిపించింది.

కారు ముందుకి జరిగి నా పక్కనే తీగ మీద నిలిచింది. ఆమె దాని వెంట నడిచి వచ్చింది. వచ్చేసరికే దీపం మారింది. ఆకుపచ్చ అక్కడ ఎక్కువసేపు ఉండదు. ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకుని నా వెనక ఎక్కేలోపు పోతుంది.

"ఎక్కక్కా, పంజాగుట్టకే పోతున్న," అన్నాడు కారతను.

ఆమె నా వైపు చూసింది.

"వెళ్ళు," అన్నాను.

కారు కుడికి తిరిగి వెళ్ళిపోయింది. నీడలోని బండ్లు హారన్లు కొడుతూ నన్ను చుట్టుకుని పోయాయి. దించాల్సిన మనిషి లేదు కాబట్టి నాకు అటువైపు పని లేదు. మళ్ళీ ఎర్రదీపం వచ్చింది. కొంతసేపు ఆ తీగ మీదే ఉండి, ఎడమకి తిరిగి, చుట్టు దారిన ఇంటికి వచ్చాను. దిద్దాల్సిన ప్రూఫులు ముందు పెట్టుకున్నాను కానీ ఒక్క పేజీ సాగలేదు.

సాయంత్రం ఆమె వచ్చి చెప్పులు విడుస్తూ, "వేళకే వెళ్ళాను," అంది. కాళ్ళు కడుక్కుని వచ్చాక, "రేపు కూడా నేనే దిగి అడుగుతాను. మీరు బండి పట్టుకోండి, చాలు," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే జవాబు చెప్పి ఉండేవాణ్ణి.

మర్నాడూ దీపం పడలేదు. నీడలో ఒక తెల్ల కారు ఆగింది. వెనక ఆమె కాలు దించబోతోందని బండి కుదుపుని బట్టి తెలిసింది.

"ఉండు," అన్నాను.

వెనక్కి తిరిగాను. "కొంచెం ముందుకి వస్తారా?" అన్నాను. కారు అద్దాలు మూసి ఉన్నాయి. అతను ఫోను చూసుకుంటున్నాడు.

"అలా అడిగితే వినపడదండీ," అంది ఆమె మెల్లగా.

చెయ్యెత్తి ఊపాను. "అన్నా! జర ముందుకు రా అన్నా!"

నా గొంతు నాకే కొత్తగా ఉంది. అతను తలెత్తి చూశాడు, కారు కదిలించాడు. అంతే. ఎవరూ నవ్వలేదు, ఎవరూ నా వైపు చూడనైనా లేదు. దీపం మారింది. మేము కుడికి తిరిగాం.

పంజాగుట్ట దగ్గర పడుతుండగా ఆమె నా భుజం మీద చెయ్యి వేసి అడిగింది. "మీ తాతగారి కారు ఉండి ఉంటే మనకీ గొడవ ఉండేది కాదు కదండీ. ఏమైంది అది? ఎప్పుడూ చెప్పలేదు."

ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. రోడ్డు వైపే చూస్తూ చెప్పాను. నేను బడిలో ఉండగా మా నాన్నగారు దాన్ని పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. చక్రాలు ఎద్దుబండికి పనికొస్తాయని ఒక రైతు విడిగా కొనుక్కున్నాడు.