పూజలో పెట్టిన ఏడో ఫోను

మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పరీక్షా విభాగం అధిపతిగా నేను చేరింది పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ మొదటి సోమవారం. భౌతికశాస్త్రం చదివి ఈ రంగంలోకి వచ్చినవాణ్ని. మా సంస్థ కార్యాలయాల్లో ఉద్యోగులు వాడుకునే మెసేజింగ్ యాప్ తయారుచేసేది. డెవలపర్లు చేసిన ప్రతి మార్పునూ మా విభాగం పరీక్షించి, నేను సంతకం చేశాకే అది ఖాతాదారులకు చేరేది. ఇక్కడ రాస్తున్నది ఆ ఏడాది దసరా రోజుల్లో జరిగింది.

మా ఖాతాదారుల్లో రక్తపరీక్షల కేంద్రాలు నడిపే సంస్థ ఒకటుండేది. హఫీజ్‌పేట్ కేంద్రంలో సూపర్‌వైజరుగా ఉన్న మంజుల అనే ఆవిడను మేనేజర్ల గ్రూపు నుంచి తొలగించారు. ఆ తరువాత వారానికి, ఆ కేంద్రాన్ని మూసేయబోతున్నారని ఆమే తన తోటివారికి చెప్పారు. ఆ మాట మేనేజర్ల గ్రూపులో తప్ప మరెక్కడా రాలేదు. ఎవరి ఫోనో దొంగచాటుగా చూశారన్న అభియోగం మీద ఆమెను సస్పెండ్ చేశారు. సందేశాలు తన ఫోనుకే వచ్చాయని ఆమె అన్నారు. కాని సస్పెండ్ చేసినప్పుడు ఖాతా మూసివేయడంతో యాప్‌లోనివన్నీ వాటంతటవే చెరిగిపోయాయి. మా సర్వర్ చిట్టాలో సందేశం గ్రూపుకు చేరిందని ఉంటుంది గాని ఏ ఫోనుకు చేరిందో ఉండదు. ఆమె చెప్పినట్టు జరిగే వీలుందా అని ఆ సంస్థ మమ్మల్ని అడిగింది. దసరా తరువాతి సోమవారం విచారణ. మేము లేదంటే ఆమె ఉద్యోగం పోయినట్టే.

యాప్‌లో గ్రూపుల నుంచి సభ్యులను తొలగించే భాగం రాసిన డెవలపర్ వరప్రసాద్, కాకినాడ మనిషి. లోపం ఉందో లేదో తేలేలోపు ఒక ప్యాచ్ వేసేద్దామని అతని ఆలోచన. చిరుగుకు మాసిక వేసినట్టు, ప్రోగ్రాము మొత్తం మార్చకుండా ఒకచోట చేసే సవరణనే ప్యాచ్ అంటారు. సర్వర్ పంపే తొలగింపు ఆదేశం అందగానే ఫోను ఆ గ్రూపుతో సంబంధం తెంచుకునేట్టు అతను సవరించాడు. పరీక్షల కోసం మేము స్టాండు మీద అమర్చుకున్న పన్నెండు ఫోన్లలో దాన్ని పరీక్షించాం. తొలగించిన ఏ ఫోనుకూ సందేశం రాలేదు.

"పనిచేసిందండి. సంతకం పెట్టేయండి" అన్నాడు.

ప్యాచ్ లేని పాత యాప్‌ను కూడా అవే ఫోన్లలో పరీక్షించమన్నాను. అప్పుడూ ఏ సందేశమూ రాలేదు. మరి ప్యాచ్ నయం చేసింది దేన్ని?

మా విభాగంలో సీనియర్ పరీక్షకురాలు సరిత శేరిలింగంపల్లిలో పుట్టి పెరిగిన అమ్మాయి. "లేని జ్వరానికి గోలీ ఇచ్చి తగ్గిందంటున్నడు సార్" అంది.

"లేదని మీరెలా చెప్పగలరండీ?" అన్నాడు వరప్రసాద్.

మూడు రోజులు నెట్‌వర్కులు మార్చి చూశాం. మంజుల వాడిన మోడల్ ఫోనే తెప్పించి చూశాం. ప్రతిసారీ అదే ఫలితం. ఆమె విచారణ అధికారికి రాసిచ్చిన వివరణ ప్రతి నా బల్ల మీద ఉంది. తొలగింపు జరిగినప్పుడు తన ఫోను మదీనాగూడలో రిపేరు షాపులో మూడు రోజులు పడి ఉందని అందులో ఒక వాక్యం. విషయం పక్కదారి పట్టిస్తున్నారనుకొని, దాని కింద ఎర్రసిరాతో గీత గీసి, 'అప్రస్తుతం' అని రాశాను. మంగళవారం మా నివేదిక పంపాను: "తొలగింపు తరువాత సందేశం చేరే అవకాశం లేదు." హాని లేదు కదా అని ప్యాచ్ మీద కూడా సంతకం చేశాను.

ఆ సాయంత్రమే మా ఆఫీసులో ఆయుధపూజ. స్టాండు మీది ఫోన్లన్నీ ఆపేసి, అమ్మవారి పటం ముందు వరుసగా పేర్చి, పసుపు కుంకుమలు పెట్టారు. పూజలో పెట్టిన పనిముట్టును పండుగ వెళ్లేదాకా ముట్టుకోకూడదని అక్కడి నియమం. నాకు దాని మీద నమ్మకమూ లేదు, అభ్యంతరమూ లేదు. ఏడాది మొత్తంలో ఆ ఫోన్లు ఆరిపోయేది ఆ ఒక్కసారే.

శుక్రవారం పొద్దున సరిత కుంకుమ తుడిచి ఒక్కొక్క ఫోనూ ఆన్ చేస్తోంది.

"సార్, జర ఇటు రాండ్రి. ఏడో నంబర్‌ది గ్రూపులకెళ్లి మంగళవారమే తీసేసిన. ఇయ్యాల పొద్దుగాల వరప్రసాద్ పెట్టిన పండుగ మెసేజ్ దీనికెట్ల వచ్చింది?"

నిజంగా తీసేసిందా లేదా అన్నది ముందు చూశాను. తీసేసింది. అయితే ఫోన్లు ఆపేశాక, పరీక్షల్లో అదొక్కటి మిగిలిందని గుర్తొచ్చి, తన కంప్యూటరు నుంచి తీసేసింది.

"అందులో నా ప్యాచ్ ఉందండి. రావడానికి వీల్లేదు" అన్నాడు వరప్రసాద్.

"వీల్లేదని మీరంటున్నరు, వచ్చిందని ఫోన్ అంటున్నది. ఎవర్ని నమ్మాలె?"

మధ్యాహ్నానికి కారణం దొరికింది. ఫోను ఆగి ఉంటే తొలగింపు ఆదేశం సర్వర్‌లో ఒక్క రోజే వేచి ఉండి, ఆ తరువాత రద్దవుతుంది. మళ్లీ వెలిగిన ఫోను తాను ఏ గ్రూపుల్లో ఉన్నదో తన పాత జాబితా చూపిస్తుంది. సర్వర్ తన దగ్గరి జాబితాతో పోల్చకుండా దాన్నే నమ్ముతుంది. ఆదేశం అందాక పనిచేసే ప్యాచ్, అసలు అందని ఆదేశానికి ఏం చేస్తుంది? మా స్టాండు మీద ఫోన్లు ఇరవై నాలుగు గంటలూ చార్జింగులోనే ఉండేవి గనుక ఈ స్థితి మాకు ఎన్నడూ ఎదురుకాలేదు.

ఎర్రగీత అప్పుడు గుర్తొచ్చింది.

ఒక్కసారి కనబడినదాన్ని రుజువు అనలేం. అయిదు ఫోన్లు ఆపేసి, గ్రూపు నుంచి తొలగించి, ఆదివారం ఆన్ చేశాం. నాలుగు ఫోన్లకు సందేశాలు వచ్చాయి, అయిదోదానికి రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడూ తేల్చలేకపోయాం, ఇప్పుడూ నాకు తెలియదు. ఆ అయిదోదాన్ని కూడా దాచకుండా రాసి, మొదటి నివేదికను ఉపసంహరించుకుంటున్నట్టు ఆ సాయంత్రమే పంపాను. సర్వర్ తన జాబితాను మాత్రమే నమ్మేట్టు వరప్రసాద్ కొత్త ప్యాచ్ రాశాడు.

విచారణలో అభియోగం నిలవలేదు. హఫీజ్‌పేట్ కేంద్రం ఎలాగూ మూతపడింది గనుక మంజులను మరో కేంద్రంలో అదే హోదాలో తీసుకున్నారు. కొన్నాళ్లకు ఆమె నాకు ఫోన్ చేశారు.

"ఫోన్ రిపేర్ల ఉండెనని మొదటి దినమే రాసిచ్చిన గద సార్. ఎవరన్న చదివిన్రా?"

నేను చదివానని, పక్కన అప్రస్తుతమని రాశానని చెప్పాను.

"చదివి గూడ గట్ల రాసిన్రా" అని ఫోన్ పెట్టేశారు.

ఆ తరువాత మా స్టాండు మీద రెండు ఫోన్లు ఎప్పుడూ ఆపి ఉంచే పద్ధతి పెట్టాను. నివేదికల్లో 'అవకాశం లేదు' అన్న మాట మానేసి, ఏ ఫోన్లలో, ఏ స్థితిలో, ఎంతసేపు చూస్తే కనబడలేదో రాయడం మొదలుపెట్టాను. ఫిర్యాదుదారు చెప్పిన వాక్యాల్లో ఏది అప్రస్తుతమో, దాన్ని పరీక్షించాకే తేల్చాలి. నేను పరీక్షించకుండానే తేల్చాను. నా తప్పు బయటపడింది నా పద్ధతి వల్ల కాదు, పూజ వల్ల.