వణకడం మానేసిన గీత

కంట్రోల్ రూములో తెర మీద బాయిలర్ నీటి మట్టాన్ని చూపే గీత వణకడం మానేసింది. అప్పుడే నాకు భయం మొదలైంది. మరిగే నీరు ఎప్పుడూ కాస్త ఎగసి, కాస్త దిగుతూ ఉంటుంది. గీత నిలకడగా సాగిందంటే కొలిచే పరికరం మొరాయించినట్టే.

పక్కనున్న ఆపరేటర్‌ది గుణుపురం వైపు రైతు కుటుంబం. నాకన్నా చాలా పెద్దవాడు.

"ఏటి మేడం, అలా సూస్తన్నారు? ఇయ్యాల బాయిలర్ మా సిన్నమ్మిలా బుద్ధిగున్నాది."

"సిన్నపిల్లలు సప్పుడు సెయ్యకపోతే బుద్ధిగున్నట్టా? పదండి, పైకెళ్ళి సూద్దాం."

రాయగడలో మా మిల్లుకి ఆవిరి, కరెంటు ఇచ్చే ఆ పాత బాయిలర్‌కి సీనియర్ మెకానికల్ ఇంజనీరుని నేనే. పైకెక్కి చూస్తే, నీటి మట్టం కనిపించాల్సిన గాజు గొట్టం, బంతిపూల దండ వెనక ఉంది. ముందు రోజు యంత్రాలకి దండలేసే విశ్వకర్మ పూజ.

"దీనికి దండ ఎవులేసేరు?"

"నేనే మేడం. రోజూ సూసేది దీని మొకమే గదా. అందుకే పెద్దదేసేను."

దండ తీశాను. గాజు పైనుంచి కిందిదాకా తేటగా ఉంది. నిండా నీళ్ళున్నా, అసలే లేకపోయినా అది అలాగే కనిపిస్తుంది.

"నిండుగున్నాది" అన్నాడతను.

అడుగునున్న కుళాయి తిప్పాను. నీళ్ళుంటే దిగడం గాజులో కనిపించాలి. ఏమీ దిగలేదు. ఉత్త ఆవిరి బుస్సుమంది.

"నీళ్ళెట్టేస్తాను మేడం" అంటూ అతను పంపు వైపు దిగబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను. నీళ్ళు లేక ఎర్రగా కాలిన గొట్టాల్లోకి ఒక్కసారిగా నీళ్ళు పోతే బాయిలర్ పేలిపోవచ్చు. కింద మనుషులున్నారు.

"నీళ్ళొద్దు. పంపు ఆపండి, మంట ఆపండి. అందర్నీ బయటికి పంపండి."

మిల్లంతా ఆగిపోయింది. ఆవరణలో నిలబడి అది చల్లారడం కోసం చూశాం. అతని చేతిలో దండ ఇంకా అలాగే ఉంది. అతను దాన్ని వద్దన్న చోట వెయ్యలేదు, ఇష్టమైన చోట వేశాడు.

"దీన్నేటి సెయ్యమంటారు?" అన్నాడు చివరికి.

"తలుపుకి కట్టండి."

ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయారు. ఇద్దరి పొట్టల మీదా చెయ్యి వేసి, ఎగసి దిగేదాకా చూశాను.

పొద్దున్న నేను ఆలస్యంగా లేచేసరికి కూతురు తమ్ముణ్ణి కసురుతోంది. "అమ్మకి ఒళ్ళు బాగోలేదు, కదలకు." ఇద్దరూ కిక్కురుమనకుండా పళ్ళేల ముందు కూర్చున్నారు.

"అలా ఉండొద్దమ్మి" అన్నాను. "అల్లరి సెయ్యండి. వంటింట్లోకి నాకు వినబడాల."