బతికున్న తమ్ముడి పేరిట పన్నెండు గ్లాసులు

బళ్లారి బజార్లో పంకజాక్షవ్వ గిన్నెల అంగట్లో రెండు యంత్రాలున్నాయి. ఒకటి గిన్నెల మీద పేర్లు చెక్కేది. అది విరూపాక్షయ్య తాత చేతిలో తుమ్మెదలా జుయ్యిమంటూ ఉంటుంది, స్విచ్చి తీస్తే ఆగిపోతుంది. రెండోది అవ్వ నోరు. దానికి స్విచ్చి పెట్టడం దేవుడు మరిచిపోయాడు.

అవ్వకు డెబ్బై ఒకటి. మోకాళ్లు పోయాయి, కుడికంటికి పొర వచ్చింది, నోటికి మాత్రం నిన్ననే పదహారు నిండినట్టుంటుంది. ఆ నోటివల్లే అంగడి నడుస్తుందని అవ్వ అంటుంది. ఆ నోరున్నా నడుస్తోందంటే అది తన చేతి చలవేనని తాత మనసులో అనుకుంటాడు. పైకి అనడు. యాభై ఏళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న ఇంగితం అదొక్కటే.

ఆ వైపు ఇళ్లలో మనిషి పోతే, పదమూడో రోజు వైకుంఠ సమారాధనకు వచ్చిన బంధువులకు పోయినవాళ్ల పేరు చెక్కిన గిన్నో గ్లాసో చేతిలో పెట్టి పంపుతారు. మిగతా అంగళ్లలో ఎన్ని కావాలి, ఏ సైజు అని అడుగుతారు. అవ్వ అలా అడగదు. వచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, "పోయినాయప్పకు ఏంది ఇష్టం తినేదానికి?" అని మొదలుపెడుతుంది. కాఫీ అంటే ప్రాణమిచ్చిన మనిషికి గ్లాసు, ఊళ్లు తిరిగిన మనిషికి మూత డబ్బా, పూజలు చేసిన పెద్దమ్మకు కుంకుమ గిన్నె. మనిషిని బట్టి గిన్నె ఎంచడం అవ్వ పద్ధతి. ఈ పద్ధతివల్ల బళ్లారిలో పోయిన ప్రతివాడి ఇష్టాయిష్టాలూ అవ్వకు కంఠతా వచ్చు. బతికున్నవాళ్లవి ఎలాగూ వచ్చు.

రెండేళ్ల కిందట రూపనగుడి నుంచి తిమ్మమ్మ వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది. రైతు కుటుంబం. ఒక్కగానొక్క కొడుకు గురునాథ్ సొంత లారీ తోలేవాడు. తారానగర్ దాటాక ఒక మలుపులో లారీ బోల్తాపడి పోయాడు. ఇంట్లో కోడలు హారతి నాలుగో నెల గర్భిణి. తిమ్మమ్మ కంట్లో తడి లేదు. ఎన్ని గిన్నెలు కావాలో చెప్పి ఊరుకుంది. అవ్వ ఊరుకుంటుందా?

"బిడ్డకి ఏంది ఇష్టం తిమ్మక్కా?"

తిమ్మమ్మ చేతిలోని టీ కింద పెట్టింది. "పెరుగన్నం. అడుగున బెల్లంగడ్డ దాచిపెట్టమనేటోడు శెట్టెమ్మా. తింటా తింటా దొరకల్ల వానికి. ముప్పై ఏండ్లొచ్చినా అదే ఆట." ఆ మాట అన్నాక, కొడుకు పోయినప్పటినుంచి రాని ఏడుపు ఆ అంగట్లో వచ్చింది. అవ్వ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే పై అరమీదినుంచి అడుగు లోతుగా ఉన్న గిన్నెలు దింపింది. బెల్లంగడ్డ దాగాలంటే లోతు కావాలి కదా.

నాలుగు నెలల తర్వాత తిమ్మమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఆటోలో మూట. విప్పితే హారతి పెళ్లినాటి గిన్నెలు. అండా, గంగాళం, పళ్లేలు, అన్నిటి మీదా ‘గురునాథ్ – హారతి’ అని తాత చెక్కిన పేర్లే.

"వీట్ల మీద మావాని పేరు గీకెయ్ శెట్టప్పా. ఆయమ్మి పేరు ఉండనీ."

తాత ఎదురు ప్రశ్న వేసే రకం కాదు. అండా ఒళ్లో పెట్టుకుని మొదటి అక్షరం మీద యంత్రం ఆనించాడు.

"ఏంటికి?" అంది అవ్వ.

"బండ్రికి పంపిస్తాండా. వాళ్లమ్మగారింటికి."

"కాన్పుకా?"

"కాదు. ఇంక తిరిగొచ్చేది లేదు. ఆయమ్మి సామాను ఆయమ్మితోనే పోనీ. నా కొడుకు పేరు మాత్రం ఆ ఇంటికి పోకూడదు."

"ఎనిమిదో నెల పిల్లను పంపిస్తావా? ఎవురు చెప్పినారు నీకి?"

"గురునాథే చెప్పినాడు."

యంత్రం ఆగిపోయింది. అవ్వ నోరు కూడా ఆగిపోయింది. అంగట్లో ఈ రెండూ ఒకేసారి ఆగడం అదే మొదటిసారి.

తిమ్మమ్మ మెల్లగా అంతా చెప్పింది. కౌల్ బజార్ వైపు ఒక మేడమీద తాయప్ప అనే స్వామి ఉన్నాడట. పోయినవాళ్లు ఆయన ఒంటిమీదికొచ్చి మాట్లాడతారట. గురునాథ్ కూడా వచ్చాడట. కాలువ కింద పొలంలో స్వామికి మఠం కట్టించమన్నాడు. హారతి సంతకం పెట్టనంది, ఇదంతా మోసమంది. మళ్లీ వచ్చినప్పుడు గురునాథ్, ఆమె నా దీపం ఆర్పేది, ఆమె ఇంట్లో ఉన్నంతకాలం నాకు శాంతి లేదమ్మా అన్నాడట.

"వాడేనని ఎట్లా నమ్మినావక్కా?"

"బెల్లంగడ్డ అడిగినాడు శెట్టెమ్మా. పెరుగన్నం అడుగున దాచిన బెల్లంగడ్డ. మా ఇంటి గడప దాటని మాట అది. నా బిడ్డకి తప్ప ఎవురికి తెలుస్తాది?"

అవ్వకు ఆ రోజు గుర్తొచ్చింది. ఆ మాట గడప దాటింది. ఇదే అంగట్లో, ఇదే స్టూలు మీద, తానే అడిగి దాటించింది. ఆ రోజు ఇంకెవరున్నారు? తాత ఉన్నాడు, కానీ ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం కావాలి. మూలన ఓబమ్మ ఉంది.

కూతురి పెళ్లికి గిన్నెలు చూడటానికి వస్తున్నానని చెప్పే ఓబమ్మ ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉంది. ఆ లెక్కన ఆ కూతురికి ఈపాటికి సీమంతం కూడా అయిపోవాలి. రోజూ వచ్చి, అవే గిన్నెలు తిప్పి తిప్పి చూసి, అంగడి టీ తాగి పోతుంది. ముఖ్యంగా ఎవరైనా స్టూలు మీద కూర్చుని ఏడుస్తున్నప్పుడు తాగుతుంది.

అవ్వ ఆ మాట తిమ్మమ్మతో అనలేదు. కొడుకు గొంతు విన్న తల్లి గిన్నెలమ్మే మనిషి మాట నమ్మదు. "పని ఎక్కువుండాది, గురువారం రా" అని పంపించేసింది. ఆ సాయంత్రం అవ్వ ఎవరితోనూ మాట్లాడలేదు. తాత భయపడి నుదుటిమీద చెయ్యిపెట్టి చూశాడు, జ్వరమేమోనని.

"నా నోరే దొంగకి తాళంచెవి ఇచ్చిండాది. ఆ పిల్ల రోడ్డున పడితే ఆ పాపం నాదేనండీ" అంది అవ్వ. తర్వాత హొసపేటలో బట్టలంగడి నడిపే తమ్ముడు శరణ్‌కు ఫోన్ చేసింది. "ఒరే, నువ్వు నాలుగు రోజులు చచ్చిపోవల్ల" అని.

శరణ్‌కు అరవై రెండేళ్లు, షుగరు, పెద్ద పొట్ట. ఎగతాళిలో అక్కకు సరిజోడు. "ఆయ్తక్కా, సరే. చచ్చినాక పథ్యం ఉండదు కదా?" అన్నాడు.

చిక్కంతా తాత దగ్గర వచ్చింది. ఓబమ్మ చెవితో విన్నదాన్ని నమ్మే రకం కాదు, కంటితో చూడాలి. అంటే పన్నెండు గ్లాసుల మీద ‘దివంగత శరణ్’ అని చెక్కాలి. తాత యంత్రం కింద పెట్టేశాడు. "నలభై ఏండ్లలో బతికున్నోన్ని ఒక్కన్ని గూడా నేను చంపలేదే" అన్నాడు. గిన్నెల శెట్టికి అంతకన్నా అపశకునం లేదు. పేరు చెక్కితే గీత నిలుస్తుంది. యముడికి చదువొచ్చో రాదో ఎవరికి తెలుసు? చివరికి శరణే ఫోన్లో నచ్చజెప్పాడు: "బావా, అక్షరాలు మాత్రం బాగా రాయి. చచ్చినాక తమ పేరు తామే చదువుకునే భాగ్యం ఎంతమందికి ఉంటాది?"

తాత చెక్కాడు. ఒక్కో గ్లాసు చెక్కి ఒక్కోసారి దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టాడు. అవ్వ పక్కన కూర్చుని చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు నటించాల్సింది మర్నాడు, కానీ అది ముందురోజే వచ్చేసింది.

మర్నాడు ఓబమ్మ వచ్చింది. వరసగా పెట్టిన గ్లాసులు చూసింది. పేరు చదివింది.

"అయ్యో, ఎవురు శెట్టెమ్మా?"

"మా తమ్ముడు. హొసపేటలో. పెండ్లయిన ఆడబిడ్డకి మైల మూడు దినాలే కదా, అంగడి తీసినా. నన్ను ‘గుండక్కా’ అని పిలిచేటోడు ఓబమ్మా. చిన్నప్పుడు గుండ్రంగా ఉంటినని. ఇంక ఎవురు పిలుస్తారు నన్ను అట్లా?"

శరణ్ ఆమెను పుట్టి బుద్ధెరిగి అలా పిలవలేదు. ఓబమ్మ ఆ రోజు టీ సగంలో వదిలేసి, గుర్తుగా అవ్వ ఇచ్చిన గ్లాసొకటి కవర్లో వేసుకుని లేచింది. పోతూ పోతూ, మెల్లగా, తాయప్ప స్వామి సంగతి చెప్పింది.

గురువారం మట్టమధ్యాహ్నం, నాకూ ఆ స్వామిని చూపించమని తిమ్మమ్మను వెంటబెట్టుకుని అవ్వ ఆ మేడ ఎక్కింది. మా ఇంటాయన బంధువు తోడొచ్చాడని ఇంకొకాయన్ని చూపించింది. ఆయన తలకు తువ్వాలు, మూతికి మాస్కు కట్టుకుని, పొట్ట మాత్రం దాచలేక, మెట్టుమెట్టుకూ ఆయాసపడుతూ ఎక్కాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల కిటికీలకు నల్లగుడ్డలు, ఒక ఎర్ర జీరో బల్బు, సాంబ్రాణి పొగ. పొగలో నల్లకళ్లద్దాలు పెట్టుకున్న తాయప్ప ఒక్క క్షణం కనిపించి తెరవెనక్కు పోయాడు. తెరవెనక ఎవరో మెత్తగా వచ్చి కూర్చున్న చప్పుడు వినిపించింది.

తెర కదిలింది. సన్నని, అలసిపోయిన గొంతు.

"అక్కా... గుండక్కా..."

ఆ గొంతు శరణ్‌ది కాదని అవ్వకు తెలుసు. శరణ్ పక్కనే కూర్చుని ఆయాసపడుతున్నాడు, వాడి మోచెయ్యి తన మోచేతికి తగులుతోంది. అయినా కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి. చీకట్లో ఒక గొంతు అక్కా అంటే చాలు, మనసు తలుపు తీసేస్తుంది. తనకే ఇలా ఉంటే, నిజంగా పోగొట్టుకున్న తిమ్మమ్మకు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. అంతవరకూ లోపల ఎక్కడో, ఇంత పిచ్చిగా ఎలా నమ్మిందని ఆమెను అనుకున్నందుకు అవ్వ సిగ్గుపడింది.

"నాకి శాంతి లేదక్కా" అంది గొంతు. "నీ ఇంట్లో నా దీపం ఆర్పేటోళ్లు ఉండారు. బావ మాట వినొద్దు. వాళ్లు ఉన్నంతకాలం నేను తిరుగుతానే ఉంటా."

తిమ్మమ్మ ఉలిక్కిపడింది. అవే మాటలు. దీపం ఆర్పేటోళ్లు. వాళ్లు ఉన్నంతకాలం. అచ్చం గురునాథ్ అన్నట్టే. బావ ఉన్నచోట హారతి పేరు, అంతే తేడా.

"ఏందక్కా ఇది?" అన్నాడు మాస్కు తీసేసిన శరణ్. "నేను ఈడ కూర్చోనుండా. ఆడ తిరుగుతాండేది ఎవురక్కా?"

లేచి కిటికీకి కట్టిన నల్లగుడ్డ పట్టి లాగాడు. బళ్లారి ఎండ ఒక్కసారిగా లోపలికి పడింది. తెర పలచన. వెనక తాయప్ప, వాడి చెవి దగ్గర వంగిన ఓబమ్మ, ఆమె చేతిలో పాలిథీన్ కవరు. కవర్లోంచి కనిపిస్తూ, అవ్వ స్వయంగా ఇచ్చిన గ్లాసు.

"ఇదో, దివంగత శరణ్‌ను నేనే" అన్నాడు శరణ్. "దండాలు స్వామీ."

"ఒక్కోసారి ఆత్మలు దారి తప్పి..." అని తాయప్ప మొదలుపెట్టాడు. ఎవరూ వినలేదు. తిమ్మమ్మ లేచి తెర దగ్గరికి పోయింది. కొడుతుందేమోనని అందరూ అనుకున్నారు. ఆమె ఒక్క మాటే అంది.

"నా కొడుకు గొంతుతో ఇంకోసారి మాట్లాడొద్దప్పా."

పోలీసు స్టేషనుకు తర్వాత హారతే పోయింది, ఎనిమిదో నెల కడుపుతో, తిమ్మమ్మ చెయ్యి పట్టుకుని. తాయప్ప, ఓబమ్మ ఏమయ్యారన్నది పోలీసుల పని. అవ్వకు పట్టిన బాధ వేరు. ఆ మేడ దిగగానే, రోడ్డుమీదే, తిమ్మమ్మ చేతులు పట్టుకుంది.

"బెల్లంగడ్డ మాట నా అంగట్లోంచే పోయింది తిమ్మక్కా. నేను అడక్కుండా ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు. తిట్టు నన్ను."

తిమ్మమ్మ ఆమె వైపు చూసింది. "ఆ పొద్దు నువ్వు అడిగినావు కాబట్టి నేను బతికినా శెట్టెమ్మా. ఎట్లా పోయినాడు, లారీ ఏమాయె, ఇదే అందరూ అడిగింది. నా బిడ్డకి ఏంది ఇష్టమని అడిగింది నువ్వొక్కదానివే. అడగడం మానుకోవాకు."

అవ్వ మానుకోలేదు. అంగట్లో ఒక్క మార్పు చేసింది. స్టూలు లోపలి గదిలోకి మార్పించి, తలుపు వేయించింది. ఊరికే గిన్నెలు తిప్పేవాళ్లకు టీ బంద్. అవ్వ జీవితంలో పాటించిన పొదుపు అదొక్కటే.

పదకొండు గ్లాసుల మీద తాత ‘దివంగత’ అన్నది గీకేశాడు. అవి అమ్ముడుపోలేదు. ఎవరి అంగట్లో అయినా శరణ్ అని పేరున్న గ్లాసు శరణ్‌కు తప్ప ఎవరికి పనికొస్తుంది? పన్నెండోది శరణ్ గీకనివ్వలేదు. హొసపేట నుంచి వచ్చినప్పుడల్లా అందులోనే కాఫీ తాగుతాడు, చక్కెర ఎక్కువ వేయమంటాడు. "దివంగతునికి షుగరు ఏందక్కా?" అని అవ్వ చేత తిట్లు తింటాడు. తిట్టేటప్పుడు అవ్వ వాడి వైపు ఒక చూపు చూస్తుంది. దేవుడికి చెప్పుకునే కృతజ్ఞత లాంటి చూపు అది. వాడు చూడలేదనుకుంటుంది. వాడు చూశాడు.

పెళ్లి గిన్నెలు పేర్లు చెరగకుండానే రూపనగుడికి తిరిగిపోయాయి. ఏటా మిరప కోతల తర్వాత ఆ ఊరి బస్సులో ఒక మూట ఎండుమిరపకాయలు అవ్వకు వస్తాయి. కిందటిసారి వాటితోపాటు హారతి, ఆమె కూతురు కూడా వచ్చారు. పిల్లకు ఏడాదిన్నర. అండా తెచ్చారు, తాత యంత్రం ఆనించిన చోట మొదటి అక్షరం కొంచెం అరిగిపోయిందని. తాత దాన్ని ఒళ్లో పెట్టుకుని ‘గు’ మీద మళ్లీ గీత తిప్పాడు, మునుపటికన్నా లోతుగా. పిల్ల ఆ అక్షరంలో వేలు పెట్టి చూసుకుంది. తర్వాత అండాలో తల దూర్చి, అడుగున ఏముందో అని వెతికింది.

"ఇదీ వాళ్ల నాయన బిడ్డే" అంది అవ్వ, డబ్బాలో బెల్లం కోసం లేస్తూ.