మా అక్క గడ్డం ఎత్తని రోజు

మా బావ హారన్ మేస్త్రి. పాత కార్ల స్టీరింగు విప్పి, లోపలి హారన్నూ ఇండికేటర్నూ బాగుచేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఇది నేనంటున్న మాట కాదు, ఆయనే రోజుకు నాలుగుసార్లు చెప్పుకుంటాడు. పక్క జిరాక్సు కొట్టు నాదే కాబట్టి నాలుగుసార్లూ వినాల్సింది నేను.

ఆయన మాత్రం ఏమీ వినడు. నాలుగేళ్లుగా రెండు చెవులకూ చెవుడే. ఎదురుగా నిలబడితే పెదాలు చూసి జవాబిస్తాడు, వెనకనుంచి పిలిస్తే పనిలో మునిగిపోయినట్టు నటిస్తాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, మా బావ ఆ శంఖాన్నే రిపేరు చేసి ఇచ్చే రకం.

ఎలాగంటారా? అంతా మా అక్క చలవ. షెడ్డు ముందు స్టూలు వేసుకుని, టైలరు పంపిన చొక్కాలకు గుండీలు కుడుతూ కూర్చుంటుంది. బావ హారన్ నొక్కి ఆమె వైపు చూస్తాడు. బాగా మోగితే గడ్డం పైకెత్తుతుంది. బొంగురుగా ఉంటే పక్కకు తిప్పుతుంది. మోగకపోతే కదలదు. ఈ సంగతి మూడో కంటికి తెలియదని బావ ధీమా.

పోయిన నెల ఒక లారీ రివర్సులో వచ్చింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, బావ వంగి నట్టు వెతుక్కుంటూనే ఉన్నాడు. అక్క పరిగెత్తుకెళ్లి చొక్కా పట్టి లాగింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇదంతా ఇలా నవ్వుతూ చెప్పేవాణ్ణి కాదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే పోరు.

"చెవి డాక్టరు దగ్గరికి పోదాం రండీ," అంటుంది అక్క.

"చెవిలో మిషను పెట్టుకున్నవాడి దగ్గరికి హారన్ ఎవడు తెస్తాడే? కొట్టు మూసుకోవాల్సిందే," అంటాడు బావ. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఒక ఉదయం ఒక పాత కారు మలుపు తిరుగుతూ తనంతట తానే కూతపెడుతూ వచ్చి ఆగింది. దిగినాయన మా ఊరి చెవి డాక్టరు. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరు మాత్రం చెవుల ఊసే ఎత్తలేదు.

"మేస్త్రీ, ఎడమకి తిప్పితే చాలు, నొక్కకుండానే మోగుతోంది. ఇండికేటరేమో వేస్తే మళ్లీ ఆగదు. రోడ్డు మీద జనం నన్ను తిట్టని తిట్టు లేదు."

బావ బ్యాటరీ వైరు తీసి, హారన్ బటన్ పీకి, నట్టు విప్పి స్టీరింగు చక్రాన్ని ఊడదీశాడు. దాని కింది ఇత్తడి రింగు మాడి నల్లబడింది. ఇండికేటర్ స్విచ్చిని పట్టి ఉంచే ముక్క విరగడంతో స్విచ్చి ఒరిగిపోయి, ఎడమకు తిప్పినప్పుడల్లా ఆ రింగుకు తగులుతోంది. బావ రింగును గరుకు కాగితంతో రుద్దాడు. రేకు ముక్కను ఆకురాయితో అరగదీసి, విరిగినదానికి బదులు అచ్చం అలాంటిదే చేసి బిగించాడు. ఎంత ఎగతాళి చేసినా ఆ వేళ్లంటే నాకు అసూయే.

చక్రం బిగించే ముందు లైట్లు చూద్దామని బ్యాటరీ కలిపి ఇంజను స్టార్ట్ చేశాడు. ఇండికేటర్ చక్కగా మిణుకుమంది. కానీ హారన్ వైరు తొడుగు ఒకచోట చిట్లి, లోపలి రాగి తీగ స్టీరింగు గొట్టానికి ఆనుకుంది. హారన్ అందుకుంది. ఇక ఆగలేదు.

కారంతా ఇంజనుతో వణుకుతోంది కాబట్టి చేతికీ తెలియలేదు. బావ అక్క వైపు చూశాడు. గడ్డం కదల్లేదు. ఇంకేం, హారన్ మోగడం లేదని తేల్చుకుని, తాపీగా ఇండికేటర్ను కుడికోసారి, ఎడమకోసారి వేస్తూ మురిసిపోయాడు.

టైలరు వచ్చాడు, టీ కొట్టాయన వచ్చాడు, స్టాండులోని ఆటోవాళ్లంతా వచ్చారు. నేను చెవులు మూసుకుని పరిగెత్తుకెళ్లేసరికి అక్క నింపాదిగా గుండీ కుడుతోంది. చెవుల్లో దూది!

"హారన్ ఇంకా మోగట్లేదు డాక్టరు గారూ, కాస్త పనుంది!" అని కేకేశాడు బావ.

అప్పుడు తలెత్తి చూస్తే వీధి వీధంతా చెవులు మూసుకుని ఉంది. చటుక్కున ఇంజను ఆపి, వెళ్లి బ్యాటరీ వైరు పీకేశాడు.

"ఏమేవ్, నా పరువు తీశావు కదే!"

అక్క దూది తీసి ఆయన ఎదుటికి వచ్చింది. కళ్లనిండా నీళ్లు. "డాక్టరు గారిని నేనే రమ్మన్నా. మీరెలాగూ ఆయన దగ్గరికి పోరు. రేపు వెనకనుంచి మళ్లీ లారీ వస్తే, నా గడ్డం ఎక్కడుందని వెతుక్కుంటారు? చెప్పండి!"

బావ వీధి వైపు తిరిగి, "ఇంకేముంది, అందరికీ తెలిసిపోయింది. ఇక నా దగ్గరికి హారన్ ఎవరు తెస్తారు?" అన్నాడు. నాకు నిజంగా జాలేసింది.

ముసలి ఆటో డ్రైవరొకాయన ఆయన ముందుకొచ్చి, పెదాలు బాగా కదుపుతూ చెప్పాడు. "మాకు తెలిసి నాలుగేళ్లయింది మేస్త్రీ. రిపేరు నీది, వినడం మా చెల్లెమ్మది. ఆ నమ్మకంతోనే కదా వస్తున్నాం."

"మరి నాతో ఒక్కడూ అనలేదేం?"

"ఎన్నిసార్లు అన్నామో! నువ్వు వింటేగా!"

వీధంతా గొల్లుమంది. బావ అందరి ముఖాలూ ఒకసారి చూసి, మళ్లీ కార్లో దూరాడు. హారన్ వైరుకు కొత్త తొడుగు వేస్తూ, తల ఎత్తకుండానే, రేపు ఎన్నింటికి రమ్మంటారని డాక్టరును అడిగాడు. డాక్టరు పదింటికన్నాడు. తల ఎత్తలేదు కాబట్టి బావకు తెలియలేదు. అక్కకు వినపడింది.