పెళ్లికొడుకు గుడ్లు పెట్టిన ఏడు

నెల్లూరులో మా మనవరాలు తన ఇంటి హాల్లో పెట్టుకున్న గాజుతొట్టి మూత తీస్తే చాలు, ఉప్పునీటి వాసన గుప్పుమని, డెబ్బై దాటిన నన్ను చొక్కాకు గుండీలు లేని వయసుకు లాక్కెళ్తుంది. అందులో నారింజ ఒంటికి తెల్ల పట్టీలు చుట్టుకున్న చేపలు రెండున్నాయి. క్లౌన్ ఫిష్ అంటారట, చూడ్డానికి సర్కస్ జోకర్లే. పెద్దది చిన్నదాన్ని మూలకు తరిమి కొరుకుతుంది. చిన్నది ఒళ్ళంతా వణికించి, పక్కకు వాలిపోయి, మళ్ళీ దాని పంచకే చేరుతుంది.

"తాతా, దీన్ని చంపేసేటట్టుండాది. పెద్దదాన్ని అంగడోడికి తిరిగిచ్చేసేదా?" అని అడిగింది మనవరాలు.

ఈ ప్రశ్న నాకు తొమ్మిదేళ్ళప్పుడే ఒకసారి ఎదురైంది. బళ్ళో అడిగిన ప్రశ్నలకు జవాబు తెలియకపోతే బడి మానేసి బయటపడ్డాను గానీ, దీన్నుంచి ఎట్లా బయటపడాలో ఇంతవరకూ తెలియలేదు.

అప్పుడు మా ఊరు వాకాడుకు అవతల, సముద్రపు హోరు వినిపించేంత దగ్గర. కార్తీకమాసపు వానలు వెలిసి, వరికయ్యల్లో నీళ్ళు కాలువలకూ కాలువల నీళ్ళు ఉప్పుటేటికీ పరిగెత్తే రోజుల్లో, తడిగడ్డి వాసన, ఎండుచేపల వాసన, మా అవ్వ పిడకల దాలిలో కాగే పాల వాసన కలిసి వీధంతా తిరుగుతుంటే, మేం మోకాటి లోతు నీళ్ళలో తువ్వాలు పరిచి చేపలు పట్టేవాళ్ళం. అట్లా దొరికినవే ఆ రెండూ. ఒళ్ళంతా పసుపు పూసినట్టుండి, నడుమ దిష్టిచుక్కలాంటి నల్లమచ్చ. పులుసులోకి చాలవు, పారేయడానికి మనసు రాదు.

వాటికోసం మస్తాన్ మామ గాజుపెట్టె చేశాడు. లాంతర్లకు మాట్లు వేసి, కిరసనాయిలు డబ్బాలు కోసి గరాటాలు చేసే మనిషి ఆయన. పాత కిటికీ అద్దాలను రేకుచట్రంలో బిగించి, తారు పూసి, అడుగున ఒక పెంకుముక్క వేసి తన అంగట్లోనే పెట్టాడు. పసుపు పూసుకొని, చుక్క పెట్టుకొని ఎదురెదురుగా నిలబడిన వాటిని చూస్తే, బొమ్మలపెళ్ళిళ్ళు చేసే వయసులో ఉన్న మాకు ఇంకేం తోస్తుంది?

"పెట్టె మాది గాబట్టి మగపెళ్ళోళ్ళం మేమే" అన్నాడు మస్తాన్ మామ. పెద్దది పెళ్లికొడుకని ఎవరికీ అనుమానమే రాలేదు. ఒళ్ళుంది, కోపముంది, ఇంకేం కావాలి? ఆడపెళ్ళివారి పెద్ద మా పెంచలమ్మత్త, అంటే మా నాయన చెల్లెలు. మొగుడు చెంగయ్య చెయ్యి చేసుకున్నాడని, ఎండాకాలంలో రేకుపెట్టెతో పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఆమెను తిరిగి పంపాలని మా అవ్వ, పోనని ఆమె. ఇంట్లో రోజూ అదే రగడ. పెళ్ళినాడు మాత్రం అత్త చాలా రోజులకు నవ్వింది. పానకం కలిపింది, వడపప్పు పంచింది, పసుపు దారం పెట్టెకు తనే కట్టింది.

తెల్లారేసరికి పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని చావగొడుతున్నాడు. నోట్లో నోరు కరిచిపట్టి గుంజడం, తోకతో బాదడం, పెంకు కిందికి తరమడం. అత్త వచ్చి చూసింది. చెంబు ముంచి, చిన్నదాన్ని మా ఇంటి బానలోకి తెచ్చేసుకుంది.

మస్తాన్ మామ వెనకే వచ్చాడు. "ఏందమ్మా ఇది, పెళ్లయి ఒకదినం గాలేదు, మా బిడ్డ మీద నిందలా?"

"నీ బిడ్డని నువ్వే పులుసు పెట్టుకో భాయ్!"

అవ్వ పొయ్యి దగ్గర్నుంచే అందుకుంది. "ఆడపుటక పుట్టినాక సర్దుకోవాల మేయ్. చేపైనా సరే."

ఆ మాట బానలో చేపకు కాదని నాకు కూడా తెలిసింది. అత్త ముఖం గోడకు తిప్పుకుంది.

బానలోది మెతుకు ముట్టలేదు. పెట్టెలోది అద్దానికి మూతి కొట్టుకుంటోంది. విడిగా ఉంచాలా, కలపాలా అని నేను ఇంటికీ అంగడికీ తిరిగాను. చివరికి అత్తే చెంబు ఎత్తింది. "పస్తుతో సచ్చేటట్టుండాది. మళ్ళీ కొడితే నేనే ఏట్లో వదిలేస్తా" అని పెట్టెలోకి వంచింది. పెద్దది రెక్కలు విప్పి మీదికొచ్చింది. చిన్నది వణికింది. కాసేపటికి రెండూ కలిసి పెంకును మూతులతో తోమడం మొదలుపెట్టాయి.

మర్నాడు చూద్దును గదా, పెళ్లికొడుకు కడుపు పెంకుకు ఆనించి, రాగిగింజల్లాంటి గుడ్లు వరసగా అతికిస్తున్నాడు!

"మామా! మీవోడు గుడ్లు పెడతన్నాడు!"

మస్తాన్ మామ గెడ్డం నీళ్ళలో మునిగేదాకా వంగి చూశాడు. "నిన్నటిదాకా మగపెళ్ళోణ్ణి. ఇప్పుడు నేనెవుర్నబ్బయ్యా?"

సరిగ్గా అప్పుడే చెంగయ్య మామ భార్య కోసం బండి కట్టుకొని దిగాడు. ఇదే అదనని అవ్వ ఇద్దర్నీ పెట్టె ముందుకు లాక్కొచ్చింది. "చూడవే. కొట్టుకున్నా కలిసి గుడ్లకి కాపలా కాస్తుండాయి. బండెక్కు ఇంక."

అత్త చాలాసేపు చూసింది. "కొట్టింది ఆడదమ్మా. ఆ పక్కన రెక్కలతో గుడ్లకి ఇసురుతుండాడే, వాడు మగోడు. ఈయన్ని అట్టా ఉండమను, ఇప్పుడే ఎక్కుతా."

చెంగయ్య మామ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు, తలపాగా జారుతున్నా చూసుకోకుండా. తర్వాత వెళ్ళి ఎద్దుల్ని విప్పి మా దొడ్లో కట్టేశాడు. ఇల్లటపుటల్లుడై, మా ఇంట్లోనే ఉండిపోయాడు. మళ్ళీ చెయ్యెత్తడం నేను చూడలేదు. ఒకసారి వంటింటి తలుపు వెనక అత్త గరిటె చప్పుడూ ఆయన గొంతూ వినిపించాయి. అది ఏడుపో నవ్వో నాకు అర్థం కాలేదు.

మనవరాలు ఫోన్లో ఏదో చదివి చెప్పింది. "వీటిల్లో పెద్దదే ఆడది తాతా. అది పోతే చిన్నోడే ఎదిగి ఆడదవుతాడంట."

నాకు మా ఊరి ఇల్లు గుర్తొచ్చింది. అత్త పోయాక చెంగయ్య మామ తాళాలగుత్తి మొలలో దోపుకొని, ఆమె పీట మీద కూర్చొని, "కాళ్ళు కడక్కుండా లోపలికొచ్చిందెవుర్రా?" అని అచ్చం ఆమె గొంతుతో అరిచేవాడు. ఆయనా లేడిప్పుడు. ఉప్పుటేటి గట్లన్నీ రొయ్యల గుంటలయ్యాయి. మస్తాన్ మామ అంగడి చోట ప్లాస్టిక్ బకెట్లు వేలాడుతున్నాయి. పసుపు పూసుకున్న ఆ చేపను మా ఊళ్ళో చూసి ఎన్నేళ్ళయిందో.

"ఇంతకీ ఇచ్చేసేదా, ఉంచేదా?"

"నన్నెందుకమ్మా, ఆ చిన్నోణ్ణే అడుగు" అన్నాను.

ఆ పిల్ల నిజంగానే అద్దం మీద వేలితో తట్టి అడిగింది. వాడు ఒళ్ళంతా వణికించాడు. అది ఔననడమో కాదనడమో మా ఇద్దరికీ తెలియలేదు.