వకీలమ్మ స్టూలు, పూలవ్వ షేరు

"ఆమె మా దిక్కు చుట్టం ఎందుకైతదిరా? నీ అత్తగారి దిక్కు గాదా?"

"మా అత్తగారి దిక్కా? అన్నా, పదిహేనేండ్ల సంది ఆమె వదినకు పిన్ని అనుకుంటున్న! కాగితం మీద పేరు కనవడ్డప్పుడల్ల, బాపు పెద్దకోడలు దిక్కోళ్లకు గూడ షేరిచ్చిండని తిట్టుకున్న!"

"నేను చిన్నకోడలు దిక్కని తిట్టుకున్న!"

చేవెళ్లలో వెంకటయ్య టెంట్ హౌస్ షట్టర్ సగమే లేచి ఉంది. ఈ గొడవ దాని కింద నుంచి రోడ్డు మీదికి వస్తోంది. నేను స్కూటీ మీద పూలగంప పట్టుకుని వింటున్నాను. కొట్లాట మంచి రుచిలో ఉన్నప్పుడు నేను కదలను. మా అవ్వ మాత్రం బంతిదండ తీసుకుని, నడుము వంచి షట్టర్ కింద దూరింది. నేనూ దూరాను.

లోపల అన్న బాలకిషన్, తమ్ముడు ఉదయ్‌భాస్కర్ షేర్ల రిజిస్టరు మీద పడి ఉన్నారు. ఇద్దరి మధ్య మడత స్టూలు మీద ఒక పెద్దావిడ కూర్చుని పల్లీలు వలుస్తోంది.

"నీ పేరేంది అవ్వా?" అని అడిగింది ఆవిడ.

"పెంటమ్మ."

ఆవిడ రిజిస్టరు చూసింది. అవ్వను చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఒడిలో పల్లీలు నేలపాలయ్యేదాకా నవ్వింది. విషయం అన్నదమ్ములకు ఎక్కడానికి అర నిమిషం పట్టింది. నాకు ఇంకా ఎక్కువే పట్టింది.

కంపెనీలో అన్నవి ఐదువేల షేర్లు, తమ్ముడివి ఐదువేలు. మిగిలిన ఒక్కటి పెంటమ్మ అనే మనిషిది. పాత ఆడిటర్ రాసిన పేరును కొత్త ఆడిటర్ ఏటేటా అలాగే దించుతూ వచ్చాడు. ఆ పెంటమ్మ రోజూ పొద్దున ఎనిమిదింటికి వాళ్ల దేవుడి పటానికి దండ వేసి పోతూనే ఉంది. వాళ్లకు ఆమె పూలవ్వ. పేరు ఎవరడిగారు?

పల్లీలు వలిచే ఆవిడే అడ్వొకేట్ అరుణాదేవి, ఆమెను నేను చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత వదల్లేదు, వెంటపడి కథంతా చెప్పించుకున్నాను.

ఆవిడది చేవెళ్లే. నాన్న, ఇద్దరు బాబాయిలు కలిసి కిరాణం నడిపేవాళ్లు. ఒకరినొకరు నమ్మక గల్లాపెట్టెకు మూడు తాళాలు వేశారు. ముగ్గురూ వస్తేనే అది తెరుచుకుంటుంది. ఒకసారి చిన్నబాబాయి తాళంచెవి జేబులో వేసుకుని వికారాబాద్‌లో పెళ్లికి పోయాడు. మూడు రోజులు కొన్నవాళ్లకు చిల్లర బదులు బిస్కెట్లిచ్చారు. ఊళ్లో పిల్లలకు పండగ. ఏడేళ్ల అరుణకు కూడా. "అప్పుడే అర్థమైంది, ఇదే నా పని అని," అంటుంది ఆవిడ.

లా చదివి, హైదరాబాద్‌లో ఒక సీనియర్ దగ్గర కంపెనీ కేసులు నేర్చుకుని, తిరిగి వచ్చి చేవెళ్లలో జిరాక్స్ షాపు పైన ఆఫీసు పెట్టింది. ఇంటివాళ్లో దోస్తులో వాటాదార్లుగా ఉండే చిన్న కంపెనీల కొట్లాటలు తప్ప వేరే కేసు పట్టదు. మొయినాబాద్‌లో ఫంక్షన్ హాలు నడిపే బావాబామ్మర్దులు మాటల్లేక, ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నారు. మోకిలలో లేఅవుట్ వేసిన ముగ్గురు దోస్తులు ఒక్క ఆఫీసు గోడకు మూడు రంగులేయించారు. అన్నీ ఆవిడ దగ్గరికే వచ్చాయి.

ఓడిన కేసు కూడా ఉంది. ఒక ఐసు ఫ్యాక్టరీ అక్కాతమ్ముళ్లు వస్తే, ఫ్యాక్టరీ గడప తొక్కకుండానే పిటిషన్ వేసేసింది. ఏడేళ్లు నడిచింది. తీర్పు వచ్చేసరికి మెషిన్లకు తుప్పు పట్టింది. ఆ రోజే ఈ మడత స్టూలు కొన్నది. అప్పటి నుంచి కేసు పట్టిందంటే, ముందు ఆ దుకాణంలో ఒక దినమంతా స్టూలేసుకుని కూర్చోవలసిందే. నోరు మూసుకుని, పల్లీలు తింటూ.

టెంట్ హౌస్ తగాదా ఇదీ: మొయినాబాద్ రోడ్డు మీది గోదాం లేఅవుటోళ్లకు అమ్మి కంపెనీ మూసేద్దామని బాలకిషన్, చస్తే అమ్మనని ఉదయ్‌భాస్కర్. పెద్దాయన ట్రిబ్యునల్‌కు పిటిషన్ కూడా రాయించి పెట్టుకున్నాడు. పదిరోజులు ఆగమని ఇద్దరినీ ఒప్పించింది వకీలమ్మ. పదోరోజు మీటింగ్, చేతులెత్తి ఓటు. ఇప్పుడు ఆ మూడో చెయ్యి మా అవ్వది.

ఇక ఎంకపల్లిలో మా ఇంటి వైభోగం చూడాలి. మర్నాడే బాలకిషన్ గంపెడు పూలూ ఒక్కడే కొన్నాడు. సాయంత్రానికి ఉదయ్‌భాస్కర్ పెళ్లికూతురు కూర్చునే ఎర్ర మఖ్మల్ సోఫా దింపించాడు. అది తెలిసి పెద్దాయన వాకిలి నిండా షామియానా వేయించాడు. చిన్నాయన సీరియల్ బల్బులు కట్టించాడు. ఎవరి పెళ్లో తెలియక వాడకట్టు వాళ్లు ఆగమయ్యారు. పన్నెండు మంది తయారై వచ్చేశారు. ఒకామె స్టీలు డబ్బా చదివించింది కూడా. అవ్వ సోఫా దిగి అందరికీ ఉప్మా చేసింది.

"అవ్వా, ఆ షేరు నా పేరు మీద రాయి. ఇద్దరి సంగతి నేను చూస్త," అన్నాను.

"బీకాం నడుమల ఇడిసిపెట్టి వచ్చినోనివి, కంపెనీ నడుపుతవా? ముందుగాల ఆ గిన్నెలు కడుగు."

వెనక్కి తిరిగితే గుంజ దగ్గర వకీలమ్మ, చేతిలో ఉప్మా ప్లేటు. ఎప్పుడొచ్చిందో! అంతా విన్నది.

పదోరోజు దుకాణంలో మీటింగ్. పాత ఆడిటర్ కృపాకర్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది వకీలమ్మ. అసలు సంగతి ఆయన చెప్పాడు. కంపెనీ పెట్టేటప్పుడు అన్నదమ్ముల బాపు వెంకటయ్య సేటు ఒక షేరు దేవుడికి రాయమన్నాడట. దేవుడు సంతకం పెట్టడు కదా అంటే, "అయితే ఆయనకు దండేసే చెయ్యి ఎవరిదో వాళ్లకు రాయి" అన్నాడట. అవ్వ ఏదో కాగితమనుకుని వేలిముద్ర వేసింది.

"అంటే అది నాది గాదు, సామిది," అంది అవ్వ. ఇద్దరి వంకా చూసింది. "దుకాణం మూస్తే సామి పటం ఏడికి పోతది సేటూ?"

"మా ఇంటికి," అన్నాడు బాలకిషన్.

"మీ ఇంటికెందుకు? మా ఇంటికి," అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"సూస్తిరా! ఒకరిల్లు ఈ కొసకు, ఒకరిల్లు ఆ కొసకు. రెండిండ్లకు తిరిగి దండలేసుడు నా మోకాళ్లతోని గాదు. అమ్మొద్దు." అవ్వ చెయ్యి ఎత్తింది.

ఉదయ్‌భాస్కర్ ఈల వేశాడు.

"ఇంకోసారి ఈలేస్తే మీటింగ్ రద్దు," అంది వకీలమ్మ. "ఓడినాయన సోమవారం పోయి పిటిషనేస్తే ఏం జేస్తవ్? కూసో."

బాలకిషన్ ముఖం గడ్డకట్టి ఉంది. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. ఎవరికో కుర్చీలు కావాలి. వకీలమ్మ ఫోన్ లాక్కుని కట్ చేసింది.

"నేను స్టూలేసుకుని కూసున్ననాడు ఇది అరవై మూడుసార్లు మోగింది. నీ తమ్మునిది నాలుగుసార్లు. అండ్ల ఒకటి ఇంటి నుంచి, కొత్తిమీర తెమ్మని. బాలకిషన్, నిజం చెప్పు. గోదాం మీద కోపమా, ఫోన్ మీదనా?"

"మనుమరాలి కేకు కోస్తుంటే గూడ, సేటూ రెండొందల కుర్చీలు అంటరమ్మా," అన్నాడు బాలకిషన్.

"నేనెత్తుత అంటే ఇచ్చినవా అన్నా? వానికి తెల్వదు అంటివి!"

"తెల్వదు గదరా నీకు!"

"నేర్పిస్తె కదన్నా తెలిసేది!"

వకీలమ్మ అప్పటికే తీర్మానం రాసేస్తోంది. బోర్డు మీద తమ్ముడి నంబర్ వేయాలి. ఫోన్ ఎవరు చేశారని అన్న అడగకూడదు. గోదాం అమ్మకూడదు. అన్నదమ్ములు సంతకాలు పెట్టారు, అవ్వ వేలిముద్ర వేసింది. బాలకిషన్ పిటిషన్ కాగితం మడిచి ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టాడు. పెయింటర్ వచ్చి ఆయన నంబర్ కొట్టేస్తుంటే, రోడ్డు మీద నిలబడి సినిమా చూసినట్టు చూశాడు. మధ్యలో ఒకసారి మాత్రం నోరు జారాడు: "ఎవలురా ఫోన్‌ల?" అందరం ఒక్కసారే అరిచాం.

వకీలమ్మ స్టూలు మడిచి నా చేతికిచ్చింది. కారు దాకా మోసుకొచ్చాను. డోరు తీసి, ఎక్కకుండా నా వంక తిరిగింది.

"సైదులూ, నాకొక్క పని చేసిపెడ్తవా?"

"చెప్పండి మేడం."

"మీ అవ్వను ఆ షేరు నీ పేరు మీద రాయమని ఇంకోసారి అడగకు. రెండు తాళాలు తీసేటాలకే నా పల్లీలన్ని ఒడిసినయి. మూడోది నువ్వు ఎయ్యకు బిడ్డా."