ఖాళీలో పలికిన పేరు

నిన్న మధ్యాహ్నం మూడుంబావుకి ప్రింటర్ కాగితం వదిలింది. వేడి సిరా వాసనకి తలెత్తాను. మా ఆఫీసు సిబ్బంది పేర్ల పాత జాబితాను కొత్త కంప్యూటర్లోకి మార్చాం. కాగితం మధ్యలో ఒక వరుస నిండా ప్రశ్నగుర్తులే.

వాటికి భయపడడం నాకు సుభద్రగారు నేర్పారు. బందరులో మా చిన్న ఆఫీసుకి డేటాబేస్ పని ఆవిడే చూసేవారు. తెలుగు పట్టని పద్ధతిలోకి రాతను మారిస్తే కంప్యూటర్ ఆగదు, తప్పని చెప్పదు. ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ ఒక్కో ప్రశ్నగుర్తు పెట్టి ముందుకి సాగిపోతుంది. "పేరు పోద్ది అమ్మాయ్. దాని పొడవు మాత్రం అక్కడే ఉంటది. అదే నాకు భయం," అనేవారు.

అందుకే ఏ మార్పిడి అయినా అయ్యాక అందరి పేర్లూ పైకి చదివేవారు. ప్రశ్నగుర్తులు వస్తే, పేరు పలకడానికి పట్టేంతసేపు ఆగేవారు. ఆ కాసేపు గదిలో ఎవరమూ తలెత్తేవాళ్లం కాదు.

ఒకసారి నాగాయలంక వైపు మత్స్యకారుల సంఘం సభ్యుల పేర్లు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నవి నిలిచాయి, తెలుగులో ఉన్నవి పోయాయి. అంతకుముందు మార్చినవాళ్లు పాత ఫైలు ఉంచలేదు. కాగితాలు వరదలో తడిసి ముద్దయ్యాయి. సుభద్రగారు పడవల వారీగా చదువుతూ ఒకచోట ఆగారు. ఆ మౌనంలో, మా వెనక నుంచి ఆడగొంతు పలికింది.

"నాంచారయ్య."

వెనక్కి తిరిగాం. గుమ్మం పక్క బల్ల మీద ఒకామె కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరమూ చూడలేదు.

"మా ఆయనండీ. సముద్రంలో పోయాడు. మీరిప్పుడు చదివింది మా మరిది పేరు, దాని తర్వాత ఆయన పేరే. పడవ నా పేరుకి మార్చమంటే, అసలాయన సభ్యుడే కాదంటున్నారు."

జాబితా తెచ్చిన సంఘం గుమాస్తా నవ్వాడు. "ఖాళీ ఉంది గదాని ఎవరి పేరైనా చెప్పొచ్చు గదమ్మా."

"అయితే మీ పేరు చెప్పి చూడండి, అందులో పట్టుద్దేమో."

సుభద్రగారు ఆ వరుస పొడవెంతో కంప్యూటర్ని అడిగారు. తర్వాత ఆమె చెప్పిన పేరు పొడవు అడిగారు. రెండూ ఒకటే. గుమాస్తా పేరు కూడా కొట్టి చూశారు. అది సరిపోలేదు. అంతటితో నమ్మకుండా, ఆ పడవవాళ్లకి విడివిడిగా ఫోన్ చేశారు. అందరూ అదే పేరు చెప్పారు. అప్పుడు పేరు ఎక్కించి, మళ్లీ పైకి చదివారు.

"ఆఁ," అంది ఆమె, ఆయన బదులు.

పడవ ఆమెకే వచ్చింది.

నిన్నటి వరుస ఎవరిదో నాకు వెతకక్కర్లేకపోయింది. మా అందరి పేర్లూ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. తన పేరు తెలుగులో ఎక్కించుకున్నది సుభద్రగారు ఒక్కరే. పోయిన వేసవిలో ఆవిడ పోయారు. అయినా పొడవు కొలిచాను. సరిపోయింది. గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. పేరు పైకి చదివి, గుమ్మం పక్క బల్ల వైపు చూస్తూ కాసేపు ఆగాను. తర్వాత పేరు ఎక్కించాను.

ఆవిడ పోయాక మా ఆఫీసులో పేర్లు ఎవరూ పైకి చదవడం లేదు.